వీధి నీటిలో ఒక జన్యువు

మందులకు లొంగని బాక్టీరియా ఆస్పత్రుల్లోనే ఉంటుందని చాలాకాలం అనుకున్నాం. ఢిల్లీ నీళ్ళు ఆ అభిప్రాయాన్ని మార్చాయి.

2008లో స్వీడన్‌లో ఉంటున్న భారత సంతతి రోగి ఒకరి మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా దొరికింది. అంతకుముందు ఆయన న్యూఢిల్లీలో ఆస్పత్రిలో ఉన్నారు. వైద్యులు గత్యంతరం లేనప్పుడు వాడే కార్బాపెనెమ్ మందులకు కూడా ఆ బాక్టీరియా లొంగలేదు. అది తయారుచేసే ఒక ఎంజైమ్ మందు అణువులోని కీలకమైన వలయాన్ని తెంచేస్తుంది. ఆ ఎంజైమ్‌కు 2009లో 'న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్', క్లుప్తంగా ఎన్‌డీఎం-1 అని పేరుపెట్టారు. పేరు మీద పెద్ద దుమారం రేగింది. ఇలాంటివాటికి ఊరి పేరు తగిలించడం నాకూ నచ్చదు. కాని ఆ గొడవలో అసలు సంగతి వెనకబడింది.

అసలు సంగతి 2011లో అచ్చయింది. అంతకుముందు సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఢిల్లీ నడిబొడ్డుకు 12 కిలోమీటర్ల లోపల నీటి నమూనాలు సేకరించారు. కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ వాల్ష్ బృందం వాటిని పరీక్షించింది. వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171. వాటిలో 51 నమూనాల్లో ఈ జన్యువు ఉంది. కుళాయి నీటి నమూనాలు 50. వాటిలో రెండింటిలో ఉంది. రెండే కదా అంటారేమో, కుళాయి నీరు మనం తాగేది! రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లాలోనూ, కలరా క్రిమిలోనూ కూడా ఈ జన్యువు కనిపించింది.

ఒక జాతి జన్యువు మరో జాతికి ఎలా చేరింది? పరీక్ష హాలులో చీటీలు అందించుకోవడం మీరు చూసే ఉంటారు. (నేను పట్టుకున్నవీ ఉన్నాయి!) ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం అలాంటి చీటీ. ఒక బాక్టీరియా దాన్ని పక్కనున్న మరో బాక్టీరియాకు అందిస్తుంది. బంధుత్వం ఉండనక్కరలేదు. పైగా ఒకే చీటీలో చాలా ప్రశ్నలకు జవాబులుంటాయి, అంటే అనేక మందులను తట్టుకునే జన్యువులు ఒకేచోట ఉంటాయి. అందుకే వాటిలో ఏ ఒక్క మందు వాడినా చీటీ మొత్తం నిలిచిపోతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ బదిలీ జోరుగా సాగినట్టు అదే పరిశోధనలో తేలింది. ఢిల్లీ వానాకాలంలో అది మామూలు వేడే.

ఇలాంటి బాక్టీరియా మన పేగుల్లో చేరి, ఏ బాధా పెట్టకుండా నెలల తరబడి ఉండగలదు. తర్వాత ఎప్పుడో ఆపరేషన్ జరిగినప్పుడు, మూత్రగొట్టం వేసినప్పుడు రోగంగా బయటపడుతుంది.

నీటిలో బాక్టీరియాతోపాటు మందులు కూడా కలుస్తున్నాయి. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం ఒకటుంది. అది వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో వెల్లడయింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

నీళ్ళు కాచి తాగితే చాలదా అని విద్యార్థులు అడుగుతుంటారు. బాగా మరిగిస్తే బాక్టీరియా చస్తుంది, తప్పక కాచుకోండి. అయితే పచ్చిగా తినే కొత్తిమీరను, ముల్లంగిని ఏ నీటితో పండించారో, ఏ నీటిలో కడిగారో కూడా చూడాలి.