శేషాచలపు కోనలలో బంగారు బల్లి

తలకోనకు బోవువారు 270 అడుగుల జలధారను జూచి, తల తడుపుకొని మరలుదురు. వాగువెంట మెల్లగా నడచి, చెమ్మగిల్లిన బండల నెఱియలలోనికి తొంగిచూచువారు అరుదు. ఈ కొండలలో బంగారు బల్లి నివసించునది అట్టి నెఱియలలోనే. మగదానికి పసిడివన్నె. 1870లో బెడ్డోమ్ దొర దీనిని శాస్త్రమున కెక్కించెను. పిమ్మట నూఱేండ్లకు పైగా దీని జాడ తెలియలేదు. తిరుమల కొండలలో మరల కనుగొన్నట్లు 1986లో పండితులు ప్రకటించిరి. పగలెల్ల దాగియుండి రాత్రి వెలికివచ్చును. పలు తల్లులు ఒక్కచోటనే రాతికి గుడ్లనంటించును. శిస్తు లేని ఆ బండలు కరణపు లెక్కలకెక్కవు. వాని క్రింద వనభోజనపు పొయ్యి రాజేసినచో గుడ్లన్నియు ఒక్కపూటలో మాడిపోవును.