పడకగదికి అఫిడవిట్ లేదు

జర్నలిజం పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

రేపటి నుంచి ఏది రాయాలో, ఏది రాయకూడదో తేల్చుకోవాల్సింది మీరే. అందుకే అడుగుతున్నాను: ఎన్నికల్లో నిలబడ్డ మనిషి పడకగది మనకు వార్తేనా?

1987 మే నెల. అమెరికాలో డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీపడుతున్న వాళ్లలో గ్యారీ హార్ట్ అందరికన్నా ముందున్నాడు. వాషింగ్టన్‌లో ఆయన ఇంటి బయట మయామీ హెరాల్డ్ విలేకరులు రాత్రివేళ కాపు కాశారు. ఇంట్లోకి వెళ్లిన ఒక యువతి గురించి రాశారు. మూడు రోజులకు పత్రికా సమావేశంలో ఒక విలేకరి, మీరెప్పుడైనా వ్యభిచరించారా అని మొహం మీదే అడిగాడు. వారం తిరక్కుండా హార్ట్ పోటీ నుంచి తప్పుకున్నాడు. సైనిక సంస్కరణల మీద ఆయన ఏళ్ల తరబడి చేసిన కృషి మరుగున పడింది. ఏ పదవికీ పోటీ చేయని ఆ యువతి పేరు మాత్రం దేశమంతా నోళ్లలో నలిగింది.

అభ్యర్థి గురించి ఏది జనానికి తెలియాలో, ఏది సొంత విషయమో, ఆ హద్దు ఎక్కడుందో మన చట్టంలోనే కనిపిస్తుంది. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని అభ్యర్థులు నామినేషన్‌తో పాటు తమ వివరాల అఫిడవిట్ ఇస్తున్నారు. ఆ అఫిడవిట్ నమూనా అయిన ఫారం 26 తీసి చూడండి. క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అడుగుతుంది. ఎవరిని ప్రేమించారని అడిగే గడి ఒక్కటీ లేదు. 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. పదవికి సంబంధం లేని విషయాల్లో ఆ హక్కు అభ్యర్థికీ ఉంటుందని 2024లో కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అలాగని తప్పుల మీద దుప్పటి కప్పమనడం లేదు. ఇష్టం లేని మనిషి మీద చెయ్యి వేసినా, ఉద్యోగం ఆశ చూపి లొంగదీసుకున్నా, ప్రజల సొమ్ము అందుకు వాడినా అది సొంత వ్యవహారం కాదు. అక్కడ వదలకండి. బాధితురాలి పేరు కాపాడుతూ, ఆధారాలతో రాయండి. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలుసుకుంటే మాత్రం కెమెరా దించేయండి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. సర్పంచిగా నిలబడాలనుకున్న మహిళను వెనక్కి లాగాలంటే ఆమె నడవడి మీద ఒక పుకారు, ఒక మార్ఫింగ్ వీడియో చాలనుకునే వాళ్లున్నారు. మీరు దాన్ని వార్త చేస్తే వాళ్లు గెలిచినట్టే. ఆమెను చూసి ముందుకు రావాలనుకున్న ఆడపిల్లలూ ఆగిపోతారు.

అభ్యర్థిని అడగాల్సినవి బోలెడున్నాయి. ఊరి నీళ్లు, బడి, పంచాయతీ నిధుల లెక్క. వాటికి సమాధానం వచ్చేదాకా అడగండి. ఓటరు మీ నుంచి కోరుకునే సేవ అదే.