ముందు ఒంటెను కట్టు, ఆపై తవక్కుల్

సకల ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! నేటి ప్రసంగాన్ని నా తప్పుతోనే ప్రారంభిస్తున్నాను. కొన్ని వారాల క్రితం అసర్ నమాజుకు ఇఖామత్ చెప్పబోతుండగా, తాపీపని చేసే ఒక సోదరుడు "హజ్రత్, బండికి గొలుసు వేసి వస్తాను" అన్నాడు. "అల్లాహ్ చూసుకుంటాడు, సఫ్‌లోకి రండి" అన్నాను. సలాం చెప్పి బయటికి వచ్చేసరికి బండి లేదు. దానిపైనే ఆయన సిద్దిపేట చుట్టుపక్కల గ్రామాలకు పనికి వెళ్లేవాడు. వాయిదాలు ఇంకా తీరలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది.

నేను చెప్పినది తవక్కుల్ కాదు, అజాగ్రత్త. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి, ఆపై నమ్ముకోమని ప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఇది తిర్మిజీలో ఉంది. యుద్ధభూమిలో సైతం ఒక వర్గం నమాజు చేస్తుండగా మరో వర్గం కాపలా ఉండాలని నిసా సూరా 102వ ఆయత్ ఆదేశిస్తున్నది. కాపలా కాయడం విశ్వాసానికి విరుద్ధమైతే ఆ ఆదేశం వచ్చేదా?

మన పెద్దలకు ఈ జాగ్రత్త తెలుసు. పాత అంబాసిడర్ కారు డ్రైవర్లు రాత్రివేళ డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్‌ను తీసి జేబులో వేసుకునేవారు. అది లేనిదే ఇంజన్ స్టార్ట్ కాదు. మీరు హ్యాండిల్ లాక్‌తో ఆగిపోకండి. చక్రంలోంచి గొలుసు దూర్చి స్తంభానికి కట్టండి. స్తంభం లేకుంటే ఇద్దరు మిత్రులు రెండు బండ్లను కలిపి కట్టుకోండి. మెకానిక్ చేత కనబడని చోట స్విచ్ పెట్టించండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే దొంగతనానికి పరిహారం రాదని గుర్తుంచుకోండి.

అయితే ఉపాయానికి హద్దు ఉంది. బండికి కరెంటు పెట్టడం, మేకులు అమర్చడం హరామ్; ముందుగా తాకేది పసిపిల్లవాడు కావచ్చు. అనుమానంతో ఎవరినైనా పట్టుకుని కొట్టడమూ జుల్మే. దొరికినవానిని పోలీసులకు అప్పగించండి.

మరొక మాట. కొనేవాడు లేకపోతే దొంగిలించేవాడు ఉండడు. కాగితాలు లేని బండి సగం ధరకు వస్తున్నదంటే అది చవక కాదు, ఒక కూలివాని కన్నీరు. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం నేరం. అల్లాహ్ వద్ద అంతకంటే పెద్ద నేరం.

ఆ సోదరుణ్ణి క్షమాపణ కోరాను. నేడు మీ అందరి ఎదుట మళ్లీ కోరుతున్నాను. మిగిలిన వాయిదాలలో సగం నా బాధ్యత. వచ్చే జుమా నుండి ఇద్దరేసి యువకులు వంతులవారీగా బండ్ల వద్ద ఉంటారు. పక్క మసీదులో జుమా ఆలస్యంగా జరుగుతుంది కనుక వారు అక్కడ నమాజు చేసుకుంటారు. పేర్లు ఇవ్వదలచినవారు నమాజు తర్వాత నన్ను కలవండి.

ఓ అల్లాహ్! మా కష్టార్జితాన్ని కాపాడు. మా చేతులను పరుల సొత్తు నుండి దూరంగా ఉంచు. ఆమీన్.