క్రియాటినిన్ పెరిగే ముందు

అధ్యక్షోపన్యాసం అంటే ఏడాది పొడుగునా వచ్చిన పరిశోధనలన్నిటినీ ఏకరువు పెట్టడమని నిర్వాహకుల ఉద్దేశం. ఆ పని వారు అచ్చేసి పంచిన సావనీర్ ఎలాగూ చేసిపెట్టింది. ఇప్పుడు మైకు ముందు నిలబడ్డ మనిషికి కిడ్నీ తప్ప మరో అవయవం కనిపించదనీ, ఉద్దానం తప్ప మరో ప్రాంతం గుర్తుకు రాదనీ సదస్యుల్లో చాలామంది చాటుగా అనుకుంటూనే ఉంటారు. ఈ పూట ఆ మాట రుజువు కాబోతోంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమంటే ఈ మండలాలే. వీటిని పట్టిన కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడున్నవారికి కొత్తగా చెప్పేదేం లేదు. రోగికి మధుమేహం ఉండదు, మొదట్లో రక్తపోటూ ఉండదు. మూత్రంలో ప్రొటీన్ అంతంతమాత్రం. బయాప్సీ చేస్తే దెబ్బ తగిలింది వడపోసే గ్లామెరులస్‌కు కాదు, నాళికలకూ వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ అని తేలుతుంది. 2019లో ఒకటీ, 2020లో ఒకటీ వెలువడిన సర్వేలు రెండూ పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి జబ్బుందన్నాయి. ఈ వక్త పేచీ ఆ సర్వేలు చేసినవారితో కాదు. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి మన వైద్యమంతా కళ్లు మూసుకుని నమ్ముతున్న, రక్తపరీక్షలోని ఒక అంకెతో.

ఆ అంకె పేరు క్రియాటినిన్.

అది పుట్టేది కండరంలో, క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జయంతికి దండలు వేసి ఫొటోలు దిగడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఆ రసాయనం నేర్పే మొదటి పాఠమే ఎవరికీ పట్టలేదు. కండ తక్కువైతే క్రియాటినిన్ తక్కువగా వస్తుంది, కిడ్నీ బాగున్నా బాగోలేకపోయినా.

నలభై కిలోల జీడితోట కూలీ ఒకామె రక్తం ఇచ్చి వెళ్తుంది. రిపోర్టులో క్రియాటినిన్ 0.9 వస్తుంది. పక్కన చుక్క గుర్తు పడదు. డాక్టరు ‘నార్మల్’ అని కాగితం మడిచి చేతిలో పెడతాడు. ఆ అంకె నుంచి కిడ్నీ సత్తా లెక్కగట్టే ఫార్ములా ఆమె వయసు అడిగింది, ఆడా మగా అని అడిగింది. భుజం మీద కండ ఎంత, పూట గడిచేది గంజితోనా కూరతోనా అని అడగలేదు. కిడ్నీ సత్తా దాదాపు సగం పోయేదాకా ఈ అంకె పెద్దగా కదలకపోవచ్చన్నది మూడో ఏడు వైద్య విద్యార్థికి కూడా తెలుసు. కండ లేని ఒంట్లో ఆ కదలిక మరింత ఆలస్యం. మనం ‘తొలిదశ’ అని రాసుకుంటున్నది చాలాసార్లు తొలిదశ కానే కాదు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. అదే మనిషిని మే నెల మధ్యాహ్నం, పొద్దుటి నుంచి నీళ్లు సరిగా తాగకుండా పనిచేసి వచ్చాక శిబిరంలో కూర్చోబెట్టి సూది గుచ్చితే అంకె ఎగబాకుతుంది. రెండు రోజులు నీడపట్టున ఉంటే దిగుతుంది. దీర్ఘకాలిక జబ్బు అనాలంటే మూడు నెలలు దాటాక మళ్లీ అదే తేలాలని ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. కానీ బ్యానరు కట్టి, ఒక్క పూటలో వేలమందికి రక్తం తీసి, సాయంత్రానికి పత్రికలకు శాతాలు పంపే శిబిరాలను ఈ వక్త ఎన్నో చూశాడు. ఆ నిర్వాహకుల్లో కొందరు ముందు వరసలోనే కూర్చున్నారు. వారికి నమస్కారం.

క్రియాటినిన్‌కు తోడుగా చూడదగ్గది మరొకటుంది. సిస్టాటిన్-సి అనే ప్రొటీన్ కేంద్రకం ఉన్న కణాలన్నిటి నుంచీ వస్తుంది. కండతో దానికి అంతగా లంకె లేదు. క్రియాటినిన్‌నూ దాన్నీ కలిపి లెక్కించే సూత్రం 2012లోనే వచ్చింది. వీలున్నచోట రెండూ కలిపి చూడండని 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ చెప్పాయి. ఖర్చెక్కువ అంటారు. నిజమే. డయాలసిస్ కంటేనా?

ఇక కారణాల వేట. ఉద్దానం నీళ్లలో వెతకని పదార్థమంటూ మిగల్లేదు. సిలికా పక్షం ఒకటి, సీసం పక్షం ఒకటి, పురుగుమందుల పక్షం మరొకటి. ఒక్కో పక్షానికీ ఒక్కో పెద్దమనిషి. ఒక రోజు, ఒక బోరు, ఒక సీసా నీళ్లు. ముప్పై ఏళ్లుగా ముదిరిన జబ్బుకు ఈ ఉదయం పట్టిన నీళ్లు సాక్ష్యం! ఆ మనిషి చిన్నప్పుడు తాగిన బావి పూడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరూ అడగరు. ఇలాంటి జబ్బే ఉన్న శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ ఇదే వరస. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం వేలు కాడ్మియం వైపు చూపింది. 2014లో గ్లైఫోసేట్ సిద్ధాంతం వచ్చింది. 2015లో ఆ కలుపుమందును నిషేధించారు, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించారు. అనురాధపురం చుట్టుపక్కల జబ్బు ఉన్నచోటే ఉంది.

దోషి ఒక్కటే ఎన్నడూ ఉండదని చెప్పడం ఈ వక్త ఉద్దేశం కాదు. బాల్కన్ కథే అందుకు రుజువు. డాన్యూబ్ ఉపనదుల వెంట బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా పల్లెల్లో ఇలాంటి కిడ్నీ జబ్బే 1950లలో వైద్య పత్రికలకెక్కింది. ఒకే ఊళ్లో ఒక ఇంట ఉంటుంది, పక్కింట ఉండదు. సీసం అన్నారు, వైరస్ అన్నారు, బూజు విషం అన్నారు. మన ఈశ్వరి తీగ జాతికే చెందిన అరిస్టలోకియా అనే కలుపు గోధుమ చేలో పెరుగుతోందనీ, దాని గింజలు ధాన్యంలో కలిసి రొట్టెల్లోకి పోతున్నాయనీ 1969లో ఇవిచ్ అనే పరిశోధకుడు చేలగట్ల మీద తిరిగి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులు మింగిన ఆడవాళ్ల కిడ్నీలు వరసగా పాడయ్యాయి. 1993లో వాన్‌హెర్‌వెగెమ్ బృందం ఆ సంగతి ప్రకటించింది. ఒక చైనా మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మూలిక ఆ మాత్రల్లో కలిసిందని తర్వాత బయటపడింది. అప్పుడు గానీ బాల్కన్ చేల వైపు ఎవరూ తల తిప్పలేదు. 2007లో గ్రోల్‌మన్ బృందం అక్కడి రోగుల కిడ్నీ కణాల డీఎన్ఏకు ఆ విషం అతుక్కుని ఉండటాన్ని చూపించింది. ఆ రోగులకు వచ్చిన కణితుల్లో పి53 జన్యువులో ఆడినిన్ ఉండాల్సిన చోట థైమిన్ వచ్చి కూర్చుంది. విషం వేసిన చేతిముద్ర అది. పొలంలో తిరిగినవాడి మాటను ప్రయోగశాల ఒప్పుకోవడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది.

ఎండ పక్షం కూడా ఉంది. ఈ వక్త మొగ్గు కాస్త అటే. ఎల్ సాల్వడార్‌లో ఏ కారణమూ దొరకని కిడ్నీ రోగుల గురించి 2002లో గార్సియా-త్రబానినో బృందం రాసింది. చెరకు నరికే పడుచు మగవాళ్లు రాలిపోతున్న తీరు మధ్య అమెరికా అంతటా బయటపడింది. 2014లో రిచర్డ్ జాన్సన్ బృందం ఎలుకలను వేడిలో ఉంచి చూసింది. వాటిలో కొన్నిటికి ఎప్పటికప్పుడు నీళ్లు అందాయి, కొన్నిటికి వేడి తగ్గాక గానీ అందలేదు. దెబ్బ తిన్నవి రెండో గుంపువి. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే నాళిక కణంలో గ్లూకోజు సార్బిటాల్‌గా, అది ఫ్రక్టోజుగా మారుతుంది. ఆ ఫ్రక్టోజును ఖర్చుచేసే ఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము కణానికి శక్తినిచ్చే ఏటీపీని తోడేస్తుంది. ఆ ఎంజైము లేని ఎలుకలకు దెబ్బ తగల్లేదు. దాహానికి తీపి కూల్‌డ్రింకు పోస్తే నష్టం ఇంకా పెరుగుతుందని మెక్సికోలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. నికరాగువా చెరకు తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి నియమంగా పెట్టాక కిడ్నీ దెబ్బలు తగ్గాయి.

అయితే ఎండ ఒక్కటే దోషి అయితే రెంటచింతల, రామగుండం ఎప్పుడో ఖాళీ కావాలి. 2020లో బెల్జియం శాస్త్రవేత్తలు ఇలాంటి రోగుల బయాప్సీల్లో నాళిక కణాల లైసోజోములు ఉబ్బి, ముద్దలు కట్టి ఉన్నాయని, ఇది విషం పనేనని గట్టిగా వాదించారు. అలాంటి లైసోజోములు వేరే జబ్బుల్లోనూ కనిపిస్తాయని ఇతరులు అంతే గట్టిగా తిప్పికొట్టారు. ఆ తగవు తీరలేదు.

రెండు కారణాలు కలిసి కాపురం చేస్తాయనడానికి ఇంటి సాక్ష్యమే ఉంది. ఫ్లోరోసిస్ గురించి 1937లో నెల్లూరు జిల్లా నుంచీ, 1955లో నల్లగొండ నుంచీ రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్, అంతే, కథ ముగిసింది అనుకున్నారు. తర్వాత నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి, పాదాలు ఎడమైపోవడం మొదలైంది. 1973లో హైదరాబాదు పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి దాన్ని ‘లాన్సెట్’లో రాశారు. ఆ సంస్థ వారు బావితో ఆగలేదు, కంచం కూడా చూశారు. ఆ ఊళ్ల జొన్నలో మాలిబ్డినం ఎక్కువైంది. అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుంది. పెద్ద జలాశయం వచ్చాక ఊటనీరు పైకి ఉబికి నేల తీరు మారిందన్నది వారి వాదన. గ్లాసులో ఒక సగం, కంచంలో ఒక సగం.

ఉద్దానంలోనూ అలాగే అడగాలి. జీడి కోత ఎండాకాలంలోనే. పలాసలో పిక్కలు కాల్చే బట్టీల దగ్గర, నల్లబడ్డ వేళ్లతో గుళ్లు తీసే ఆడవాళ్ల దగ్గర పొద్దున పనికెక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి రక్తం, మూత్రం తీసి చూడాలి. వాళ్ల పిల్లలను పదో ఏట నుంచి ఏటేటా అనుసరించాలి. చిన్న పని. గ్లామర్ లేదు. జన్యుపటాలంటే కదిలే నిధులు దీనికి కదలవు.

ఈ వక్త పడుచుతనంలో ఒక ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఒకామె పొడవాటి పద్దు పుస్తకంలో ఇంటింటి లెక్క రాసేది. ఎవరి పెదనాన్న ఒళ్లు తెల్లబడి పోయాడు, ఎవరు బరంపురం ఆసుపత్రికి తిరుగుతున్నారు, ఎవరు ఏ బావి వదిలి ఏ బోరుకు మారారు అన్నీ అందులో ఉండేవి. ప్రాజెక్టు గడువు తీరింది, ఆమె జీతం ఆగింది, పుస్తకం ఏమైందో తెలీదు. అదే పనిలో సేకరించిన సీరం గొట్టాలు ఒక సంస్థ ఫ్రీజరులో కరెంటు పోయి కరిగిపోయాయి. ఇవాళ అవి ఉంటే సిస్టాటిన్-సి వాటిలోనే చూసేవాళ్లం. ఆ నష్టానికి ఏ పత్రికా సంతాపం రాయలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే. డయాలసిస్ యంత్రం జబ్బు ముదిరినవాడికి. పరిశోధన మాత్రం ఇంకా జబ్బు పడనివాడితో మొదలవ్వాలి. అందుకు ఊరూరా తిరిగే మనుషులకు పదేళ్లు ఆగకుండా జీతం, కరెంటు పోని ఫ్రీజరు, ఇంటి మనుషులకు తెలుగులో ఫలితం చెప్పే ఓపిక కావాలి.

సాయంత్రం తీర్మానాల సంఘం కూర్చుంటుంది. ఏటా పన్నెండు తీర్మానాలు చేసి పన్నెండూ మరిచిపోవడం రివాజు. ఈసారి ఒక్కటి చేసి పాటించండి. వచ్చే సదస్సులో ఉద్దానం మీద పత్రం చదవదలచినవారు మూడు నెలల తర్వాత తీసిన రెండో పరీక్ష ఫలితం జతచేయాలి. అది లేని పత్రాన్ని, అధ్యక్షుడి శిష్యుడు రాసినా సరే, వెనక్కి పంపండి.