సూదులపై నిలిచిన అల్లిక



నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించి, దానిని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే నిలిపెను. అట్టి పనియే సికింద్రాబాదు చెంతనున్న మా కాప్రాలో కొందఱు స్త్రీలు చేసిరి.

ఊలు అల్లుటలో నేర్పరియైన యొక ముదుసలి మొన్నటి మార్గశిరమున గతించెను. పసివాని స్వెట్టరొకటి సగమై ఆమె సూదులపైననే నిలిచెను. దానిని గుర్తుగా పెట్టెలో దాచుదుమని బంధువులనిరి. ఆమెతో గూడి యల్లిన స్త్రీలు సమ్మతింపలేదు. ఏటేట చలికి ముందు తానల్లినవెల్ల ఆమె కూలివారి బిడ్డలకే ఇచ్చుచుండెడిది. దశదానములలో వస్త్రమును గలదు గదా!

చిక్కు వేరొకటి. అల్లికలో బిగువు మనిషికొక తీరు; చేయి మారిన వరుస కంటబడును. అంతయు విప్పి మొదటినుండి అల్లుద మని యొకామె అనెను. తక్కినవారు వలదనిరి. నాకును వారి మాటయే సరియని తోచినది. కొస పట్టి లాగినచో వరుసలన్నియు జాఱిపోవును. ఆమె చేతిపని గడియలో మాయమగును. గతించినామెది బిగిచేయి, పూనుకొన్నామెది వదులు. కావున ఈమె కొంచెము సన్నని సూదులు పట్టి, నిలిచిన కుట్టునుండియే సాగించెను. నీలపు ఊలు చాలక మెడకు క్రొత్త ఉండ కొనిరి. ఒకే రంగైనను అద్దకపు తొట్టి మారిన ఛాయ మారునట, మారినది.

1962లో చీనాతో యుద్ధము వచ్చినప్పుడు మన దేశస్త్రీలు సైనికులకై స్వెట్టర్లల్లి పంపిరి. వానిని తొడిగినవా రెవరో అల్లినవారెఱుగరు. ఇదియు నట్లే, ఒక తాపీకూలి బిడ్డ కొంటికి చేరినది. ముదుసలి బుట్టలోని తక్కిన రంగుల ఉండలను స్త్రీలు తలకొకటిగా పంచుకొనిరి. వచ్చు చలికి టోపీలు కావలయును.