చెయ్యి తిరిగింది, కథ నేర్వాలె
(నాగారంలో ఆదివాసీ యువత ముందు మాట్లాడిన మాటలు)



ఏడాదిగా నాగారం రూములో రోజూ రాత్రి కోయ పడిగె బొమ్మలు గీస్తున్న. అప్పట్లో వణికిన గీత ఇప్పుడు నిలబడుతోంది. అయితే పడిగె గోడకు తగిలించే పటం కాదు. మన గోత్రాల, వేల్పుల చరిత్ర. డోలు కొట్టి కథ చెప్పే పెద్దలుంటేనే అది మాట్లాడుతది.

ఆ కథ చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. గుస్సాడీ కనకరాజు గారు కూడా అదే ఏడు పోయారు.

ఈ ఏడాది నలభై బొమ్మలు వేసిన. కథ చెప్పగలిగేది పదకొండింటికే. కొత్త రంగులు కొనే ముందు ఊరికి పోత. మీరూ సెలవులకు పోండి. పెద్దలను అడిగి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి: ఈ బొమ్మ ఎవరిది? ఏ గోత్రానిది?

జై ఆదివాసీ!