మబ్బుల్లో కాదు, అద్దెకు

ఇంట్లో పెళ్లయితే షామియానా, వంటపాత్రలు కొంటామా? అద్దెకు తెచ్చుకుంటాం. పబ్లిక్ క్లౌడ్ కూడా అంతే. సంస్థ సొంతంగా సర్వర్లు కొనదు. వేరొకరి డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకుంటుంది, వాడినంతకే కడుతుంది.

పరీక్ష ఫలితాల రోజు చూడండి. లక్షలమంది ఒకేసారి వెబ్‌సైట్ తెరుస్తారు. ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా యంత్రాలను మేపడమెందుకు? ఆ పూట పెంచుకుని, మర్నాడు తగ్గించుకోవచ్చు.

క్లౌడ్ అంటే ఎక్కడో ఆకాశంలో ఉండేది కాదు. అమెజాన్ 2022లో మన హైదరాబాద్‌లోనే ఇలాంటి డేటా సెంటర్లు తెరిచింది.

ఒక్కటి గట్టిగా చెబుతాను. భవనానికి, యంత్రాలకు కాపలా అద్దెకిచ్చినవాళ్లది. పాస్‌వర్డ్‌లు, ఏ ఫైలు ఎవరికి కనబడాలన్న నిర్ణయం మాత్రం మీవే. వాడని సర్వర్ ఆపకపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది. భద్రత, బిల్లు రెండూ చూసుకునే మనిషిని ముందే పెట్టుకోండి. ఒప్పందం మీద సంతకం ఆ తర్వాతే.